మేడ మీది చిలక్కొయ్యలు

మా క్రేహెన్‌రోడ ఎలా పుట్టిందో మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఒకే కథ చెబుతారు. చెప్పడానికి మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి. రోస్విత కూడా ఉంది గానీ, ఆవిడని అడిగితే "వాడు చెప్పింది నమ్మకండి" అంటుంది. అంతకు మించి ఆవిడకి చరిత్ర రాదు.

జరిగింది ఇది. పూర్వం ఉప్పు బండి తోలుకుపోతున్న ఒకాయనకి ఈ కొండ దిగువన ఇరుసు విరిగింది. ఆయన కొత్త ఇరుసు చెక్కుకుంటూ కూర్చుంటే, కాకులు, మా భాషలో క్రేహెన్, వచ్చి ఎద్దుల వీపుల మీద వాలి పేలు ఏరడం మొదలుపెట్టాయి. ఎద్దులు హాయిగా కళ్ళు మూసుకుని పడుకున్నాయి. ఇరుసు తయారైంది, ఎద్దులు లేవలేదు. ఆయన తిట్టాడు, బతిమాలాడు, అవి లేచేదాకా తలదాచుకోవాలి కదా అని ఒక పాక వేసుకున్నాడు. ఆ పాకే మా ఇల్లు. ఆ ఎద్దులు ఇంకా లేవలేదు. చర్చి వెనక రెండు బండరాళ్ళుగా పడి ఉన్నాయి. కొమ్ములేవీ అని ఎర్ఫుర్ట్ పట్నం నుంచి వచ్చిన ఒకావిడ అడిగింది. వానకి అరిగిపోయాయి తల్లీ అన్నాను. ఆవిడ ఫోటో తీసుకుని వెళ్ళింది.

చర్చి మాత్రం ఊరికంటే పాతది. ఊరే లేనప్పుడు చర్చికి ఎవరు వచ్చేవారని అడక్కండి. ఇప్పుడు ఎవరు వస్తున్నారని?

మా చర్చిలో మగవాళ్ళు పైన చెక్క మేడ మీద కూర్చుంటారు, ఆడవాళ్ళు కింద. దీనికి కారణం స్వీడన్ సైనికులు. వాళ్ళు ఊరూరా పడి దోచుకుంటున్న రోజుల్లో మేడకి మెట్లు ఉండేవి కావు, నిచ్చెన ఉండేది. సైనికులు వస్తున్నారని గంట మోగగానే మా మగవాళ్ళు, ధైర్యవంతులు కనక, అందరికంటే ముందు మేడెక్కారు, పైనుంచి రాళ్ళు విసురుదామని. రాళ్ళు మాత్రం కింద మర్చిపోయారు. ఆడవాళ్ళు నిచ్చెన తీసి దాచేసి, వచ్చినవాళ్ళకి బఠాణీ చారు కాచి పోశారు. ఆ చారులో ఏం కలిపారో ఇప్పటిదాకా మా ఊరి ఆడవాళ్ళెవరూ నోరు విప్పలేదు. సైనికులు తాగి, బల్లల మీదే పడి నిద్రపోయి, లేచాక ఎందుకొచ్చారో గుర్తు లేక స్వీడన్‌కి నడిచి వెళ్ళిపోయారు. నిచ్చెన వెంటనే తిరిగి పెట్టలేదట. పైన ఎలాగూ బుద్ధిగా ఉన్నారు కదా, ఉండనీ అనుకున్నారట.

ఈ కథ చెప్పినప్పుడల్లా రోస్విత, "నిచ్చెన తీసింది మా వంశంలో ఆవిడే. తిరిగి పెట్టడమే ఆవిడ చేసిన తప్పు" అంటుంది. మా కథల్లో ఆవిడ ఒప్పుకునేది ఆ ఒక్క ముక్కే.

తర్వాత ఎప్పుడో మెట్లు కట్టారు, గంటగోపురం లోపలినుంచి. అందుకని మగవాళ్ళం ఉత్తరం వైపు గోపురం తలుపులోంచి వెళ్ళి మెట్లెక్కుతాం. ఆడవాళ్ళు దక్షిణం తలుపులోంచి వెళతారు. పైన ప్రతి ఇంటికీ బల్ల మీద ఒక చోటు, వెనక గోడకి టోపీ తగిలించుకునే చిలక్కొయ్య. చిలక్కొయ్య మీద ఆ ఇంటి గుర్తు కాల్చి ఉంటుంది. కమ్మరి ఇంటికి సుత్తి, మిల్లు ఇంటికి చేప, మా ఇంటికి బండి చక్రం. ఒకరి చోట్లో ఇంకొకరు కూర్చోరు. పాట కూడా అంతే. ఒక చరణం కింద ఆడవాళ్ళది, తర్వాతి చరణం పైన మగవాళ్ళది. ఒకరు పాడుతుంటే రెండోవాళ్ళు నోరు మూసుకుని వినాలి. ఆఖరి చరణం ఒక్కటే అందరూ కలిసి పాడేది.

ఇంకొకటుంది. కింద కూర్చున్న ఆడది వెనక్కి తిరిగి మేడ వైపు చూడకూడదు. మా ముత్తవ్వ కాలంలో ఒకావిడ చూసిందట, మెడ అలాగే ఉండిపోయి, ఆవిడని బోర్లా పడుకోబెట్టి పాతిపెట్టాల్సి వచ్చిందట, మొహం ఆకాశం వైపు ఉండాలి కదా. ఈ నియమం వల్ల మా మగపిల్లలకి మంచి ఆట దొరికింది. అక్రోటు కాయలు రాలే రోజుల్లో మేడ అంచున కూర్చుని, తొక్కలు కింద ఆడపిల్లల నెత్తి మీద వేసేవాళ్ళం. ఉలిక్కిపడి పైకి చూసిన పిల్ల ఓడినట్టు. మళ్ళీ ఏడాది అక్రోట్లు రాలేదాకా ఆ పిల్లని "పొద్దుతిరుగుడు" అని పిలిచేవాళ్ళం. ఊళ్ళో ప్రతి ఆడపిల్లా ఏదో ఒక ఏడు పొద్దుతిరుగుడు అయింది. రోస్విత కాలేదు. ఆవిడ జడల మధ్య నేను ఎన్ని తొక్కలు వేశానో, ఒక్కోటీ తీసి ఒళ్ళో పెట్టుకుని, పాట ఆపకుండా పాడేది. తర్వాత బయట ఎదురైనప్పుడు వాటిని నా జేబులో పోసి, "నీవే, ఉంచుకో" అనేది.

గనులు మూసేశాక ఊరు ఖాళీ అయింది. దేశాన్ని రెండుగా చీల్చిన సరిహద్దు కంచె తీసేసినప్పుడు కొందరు అవతల చూసి వస్తామని వెళ్ళారు. ఇంకా చూస్తూనే ఉన్నారు కాబోలు. ముసలివాళ్ళం మిగిలాం, మాలోనూ ఒక్కొక్కరే తగ్గుతూ వచ్చారు. పైన టోపీలు తగ్గాయి. కమ్మరి సుత్తి ఖాళీ, మిల్లు చేప ఖాళీ. చివరికి నేనూ, తేనెటీగల ఆర్నో. కిందటేడు జనవరి చలిలో ఆర్నో కూడా పోయాడు. ఆ ముందు ఆదివారం చర్చికి వచ్చినప్పుడు టోపీ చిలక్కొయ్యకే మర్చిపోయి వెళ్ళాడు. అడగడానికి మళ్ళీ రాలేదు. నేను తియ్యలేదు. ఆ చిలక్కొయ్య వాళ్ళ ఇంటిది, నాకేం హక్కు.

ఇక మగవాళ్ళ చరణం అంటే నేనే. కింద ఆడవాళ్ళ చరణం అంటే రోస్విత. ఎదురుగా పాస్టరమ్మ, అంటే పాస్టరు పెళ్ళాం కాదు, పాస్టరే. ఆవిడ పేరు తబేయా, చిన్నమ్మాయి, చాలా ఊళ్ళు తిరగాలి కాబట్టి మా ఊరికి నెలకోసారి వస్తుంది. నా గొంతు తుప్పు పట్టిన తలుపులాంటిది, అది నాకూ తెలుసు. కానీ నా చరణం వచ్చినప్పుడు కింద ఒక మనిషి నోరు మూసుకుని, చివరిదాకా వింటుంది. నేను మాట్లాడితే మధ్యలో "చాల్లే కోతలు" అనని చోటు ఈ భూమ్మీద అదొక్కటే. మిగతా నెలంతా నా ఇంట్లో గడియారం మాట్లాడేది, నేను వినేవాణ్ణి. పైనుంచి నాకు రోస్విత నడినెత్తి కనబడేది, తెల్లటి పాపిట. ఆవిడ నెత్తి నాకు తెలిసినంతగా మొహం తెలియదు.

ఈస్టర్ ముందు రోస్విత తుంటి ఎముక ఆపరేషన్‌కి ఆసుపత్రికి వెళ్ళింది. అక్కణ్ణుంచి నడక నేర్పే చోటికి తీసుకెళ్ళారు. చూడ్డానికి వెళదామనుకున్నాను. బస్సు మా ఊరికి రావడం మానేసిందని గుర్తొచ్చి మానుకున్నాను. అదే సమయంలో పాస్టరమ్మ ఒక వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చింది, చర్చి కట్టడాలు చూసేవాడట. లావుపాటి మనిషి. గోపురంలో మెట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కితే, వేలు లోపలికి దిగిపోయింది.

"పురుగు మొత్తం తినేసింది" అన్నాడు. "ఈ మెట్ల మీద మనిషి ఎక్కుతున్నాడా?"

"నేను ఎక్కుతున్నాను."

"విరగలేదా?"

"నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగినవి అవి. మొహమాటం."

అతను నవ్వలేదు. ఎరుపూ తెలుపూ పట్టీ అడ్డంగా కట్టి, గోపురం తలుపుకి తాళం వేశాడు. పాస్టరమ్మ నన్ను బయటికి తీసుకొచ్చి, "ఎవాల్ద్ గారూ, కింద బోలెడు చోటుంది. ఇకమీదట కింద కూర్చోండి" అంది.

"కింద కూర్చుంటే పైన చూసుకునేది ఎవరమ్మాయ్?"

"పైన చూసుకోవడానికి ఏముంది?"

"ఆర్నో టోపీ ఉంది."

"రోస్విత గారు పెంతెకోస్తు పండక్కి వచ్చేస్తారు. ఆవిడ పక్కన కూర్చోండి. ఇద్దరికీ తోడుగా ఉంటుంది."

"మగవాడు ఆడవాళ్ళ బల్ల మీదా? మా తాతలు గోరీల్లోంచి లేచొస్తారు."

"రానివ్వండి. మనకి ఎలాగూ జనం తక్కువగా ఉన్నారు" అని కారెక్కి వెళ్ళిపోయింది. చిన్నపిల్ల గానీ మాటకి మాట వేస్తుంది.

నిజం చెప్పాలంటే నేను కిందికి వచ్చేవాణ్ణే. రోస్విత ఒక్క మాట అంటే చాలు. "రారా, ఇక్కడ కూర్చో" అని పెద్ద మాటేం కాదు. మెట్లు మూసేసిన సంగతి పాస్టరమ్మ ఆవిడకి చెప్పే ఉంటుందనుకున్నాను. పాస్టరమ్మేమో నేను చెప్పి ఉంటాననుకుందట. ఇది తర్వాత తెలిసింది.

పెంతెకోస్తు ఆదివారం బూట్లు తుడిచి, టోపీ దులిపి బయల్దేరాను. రోస్విత కర్రతో నెమ్మదిగా దక్షిణం తలుపు వైపు నడవడం దూరం నుంచి చూశాను. ఆవిడ నా కోసం అటూ ఇటూ చూస్తుందేమోనని ఆగాను. చూడలేదు, లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిరిగి ఇంటికి పోలేకపోయాను. ఉత్తరపు గోడ చుట్టూ తిరిగి, అద్దం పగిలిన కిటికీ ఉంటుంది, దాని కింద నిలబడ్డాను. దురదగొండి మొక్కలు మోకాళ్ళదాకా ఉన్నాయి.

లోపల పాట మొదలైంది. రోస్విత గొంతు ఆపరేషన్ తర్వాత కాస్త సన్నబడింది కానీ పట్టు తప్పలేదు. ఆవిడ చరణం అయింది. పాస్టరమ్మ తర్వాతి చరణం ఎత్తుకోబోయి చటుక్కున ఆగింది. రోస్విత ఆగమని వేలు చూపించి ఉంటుంది. అప్పుడిక ఏమీ వినబడలేదు, చరణం ఎంత పొడుగో అంతసేపు. తర్వాత మళ్ళీ రోస్విత అందుకుంది.

పోయినవాడి కుర్చీ ముందు కంచం పెట్టినట్టు నా చరణం ఖాళీగా పెట్టింది అనుకున్నాను. బతికున్నవాడిని రమ్మని పిలవలేదు, పోయినవాడికి చేసినట్టు చేసింది. నా పెదాలు కదిలాయి గానీ చప్పుడు రాలేదు.

ఆ తర్వాత ప్రతి నెలా అంతే. ఆవిడ పాడుతుంది, ఆగుతుంది, మళ్ళీ పాడుతుంది. నేను బయట నిలబడతాను. ప్రార్థన అయ్యేలోపే గోడ చాటు నుంచి జారుకుంటాను, ఎవరూ చూడకుండా. చూడ్డానికి ఎవరున్నారని మీరు అడగవచ్చు. ఎద్దులున్నాయి.

గురువారాలు రొట్టెల బండి వచ్చి రోడ్డు మీద హారన్ కొడుతుంది. మేమిద్దరం అక్కడ ఎదురుపడక తప్పదు. ఒక గురువారం బండివాడికి నేను కాకుల కథ చెబుతున్నాను. రోస్విత కర్ర ఆనించుకుని నిలబడి వింటోంది.

"వీడికి గొంతు గురువారాలు బాగానే వస్తుందే" అంది బండివాడితో. "ఆదివారాలే పడిపోతుంది."

"చోటు ఉన్నచోటే గొంతు వస్తుంది" అన్నాను నేను, బండివాడితోనే.

"చోటు కుర్చీకి కూడా ఉంటుంది. అది పాడదు."

బండివాడు మా ఇద్దరి మధ్యా రొట్టె పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడ రొట్టె తీసుకుని వెళ్ళింది, నేను నాది తీసుకుని ఇటు వచ్చాను. ఇంట్లో దానికి వెన్న రాసుకుంటూ అనుకున్నాను, ఈ ముసల్ది నన్ను ఎగతాళి చేస్తోంది గానీ రమ్మనడం లేదని. ఆ వేసవిలో నేను ఎవరికీ కథలు చెప్పలేదు. ఒకసారి ఎండలో ఆ బండరాళ్ళ పక్కన కూర్చుని చాలాసేపు చూస్తే, అవి ఎద్దుల్లా లేవు. రాళ్ళలాగే ఉన్నాయి.

చర్చిలో పంటల పండగ అయిన మర్నాడు, మధ్యాహ్నం, ఆలుగడ్డ ఉండలు ఉడికిస్తుంటే గేటు చప్పుడైంది. మా ఇంటి గేటు నేను తియ్యకుండా చప్పుడు చేసి ఎన్నాళ్ళయిందో. రోస్విత కర్ర టకటకలాడిస్తూ వచ్చి వంటింటి తలుపులో నిలబడింది.

"ఒరేయ్ ఎవాల్ద్, నీకెన్నేళ్ళురా?"

"నీకంటే ఒకటి తక్కువ."

"ఆ ఒక్క ఏడాదిలోనే పెట్టారు కాబోలు బుద్ధంతా."

జేబులోంచి చేతిరుమాలు తీసి బల్ల మీద విప్పింది. అక్రోటు తొక్కలు, పచ్చివి, అంచులు కొరికినవి.

"నిన్న పాట మధ్యలో కీర్తనల పుస్తకం మీద పడ్డాయి" అంది. "ఒకటి నా మెడలోకి జారింది. కొరికి మరీ వేస్తున్నావు, కొత్త పద్ధతా? పెట్టుడు పళ్ళతో ఎలా కొరికావురా?"

నేను తొక్క చేతిలోకి తీసుకున్నాను. అంచున సన్నటి పళ్ళ గాట్లు, చిన్న ఉలితో చెక్కినట్టు. గోపురం కిటికీ చెక్కలు విరిగి ఉన్నాయి, బయట అక్రోటు చెట్టు కొమ్మ సరిగ్గా దానికి ఆనుకుని ఉంటుంది. నాకు వెంటనే అర్థమైంది. ఉడుత.

రోస్విత కూర్చోమనకుండానే కూర్చుంది. "నేను పట్టించుకోకూడదనే అనుకున్నాను. పెంతెకోస్తు నుంచీ చూస్తున్నాను. పైన అటూ ఇటూ తిరుగుతావు, బల్ల కిర్రుమంటుంది, గీకుతావు. నీ చరణం వచ్చేసరికి మాత్రం నోరు కుట్టేసుకుంటావు. నేను ఆగి ఆగి, మళ్ళీ నేనే అందుకుంటున్నాను. ఆసుపత్రికి చూడ్డానికి రాలేదేమని నిన్నడిగానా? అడగలేదు. పాస్టరమ్మ కూడా అడిగింది, ఎవాల్ద్ గారికి కోపం తగ్గలేదా అని. వాడికి ఎప్పుడు తగ్గింది కనక అన్నాను. ఏం చేశానురా నీకు? అదన్నా చెప్పు."

పొయ్యి మీద నీళ్ళు పొంగుతున్నాయి. మంట తగ్గించే వంకన లేచి, అటు తిరిగి నిలబడ్డాను.

నా బతుకులో నేను చెప్పినవన్నీ కోతలే. ఇప్పుడు నాలుక మీద ఒక నిజం ఉంది, రెండు ముక్కల నిజం. నేను కాదు, ఉడుత. చెబితే నామీద కోపం పోతుంది, నేను అలిగి కూర్చోలేదనీ, మెట్లు మూసేశారనీ తెలుస్తుంది. కానీ ఆ నిజం చెబితే ఇంకొకటి కూడా చెప్పినట్టే. పెంతెకోస్తు నుంచీ ఆ చల్లటి రాతి గోడల మధ్య ఆవిడ ఒక్కతే కూర్చుందని. ఒక ఉడుత కోసం పాటలో చోటు వదులుతూ వచ్చిందని. ఆవిడ మొహం చూశాను. కోపంగానే ఉంది. కానీ అది ఎదుట మనిషి ఉన్నప్పుడు వచ్చే కోపం. ఒంటరిగా ఉన్నవాళ్ళకి ఆ మాత్రం కోపం కూడా దొరకదు, నాకు తెలుసు.

"నేనే" అన్నాను.

"అది తెలుసు. ఎందుకని అడుగుతున్నాను."

"ఈసారైనా తిరుగుతావేమో చూద్దామని."

ఆవిడ మూతి బిగించింది, నవ్వు రాకుండా. "చచ్చినా తిరగను. నన్ను పొద్దుతిరుగుడు చేసే మొగాడు పుట్టలేదు, పుట్టినవాళ్ళందరూ పోయారు."

"నేనున్నాగా."

"నువ్వు లెక్కలోకి రావు." లేచి కర్ర అందుకుంది. "వచ్చేసారి పాడతావా?"

"పాడతాను."

"ఒట్టు?"

"ఒట్టు, రోస్వితక్కా."

అక్క అన్నందుకు కర్రతో నా బూటు మీద పొడిచి వెళ్ళింది. చేతిరుమాలు బల్ల మీదే వదిలేసింది. ఆలుగడ్డ ఉండలు ముద్దయిపోయాయి. అయినా ఆవేళ బాగానే తిన్నాను.

ఒట్టు పెట్టడం తేలిక. ఎక్కడినుంచి పాడాలి? గోపురం తలుపు తాళం పాతదే, గట్టిగా ఊపితే ఊడి వస్తుంది. ఊపాను, వచ్చింది. పట్టీ కిందనుంచి దూరి మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. మెట్టు చప్పుడు చెయ్యలేదు. నాన్చిన రొట్టెలా కుంగి, నా బూటు చీలమండదాకా లోపలికి తీసుకుంది. కాలు లాక్కోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. పైన మేడ తలుపు సందులోంచి కాస్త వెలుతురు, ఆ వెలుతుర్లో ఆర్నో టోపీ అంచు. ఏదో చిన్నది దాని పక్కనుంచి పరిగెత్తింది.

"బాగుందిరా" అన్నాను దాంతో. "నా చోట్లో కూర్చుని, నా పేరు చెడగొట్టి."

ఆపిల్ చెట్ల నిచ్చెన కిటికీకి వేద్దామని చూశాను. ఎత్తలేకపోయాను. స్వీడన్ సైనికులొచ్చినప్పుడు మావాళ్ళు నిచ్చెన మీద అంత వేగంగా ఎలా ఎక్కారో ఇప్పుడు ఆలోచిస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు.

వచ్చేసారి అంటే చనిపోయినవాళ్ళ ఆదివారం. శీతాకాలం ముందు వస్తుంది. ఆ ఏడు ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లు చదివి, ఒక్కొక్కరికీ కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆ ఏడు మా ఊళ్ళో ఎవరూ పోలేదు. పోవడానికి ఒకరం పైనా, ఒకరం కిందా, అంతే కదా. మంచు దట్టంగా పట్టింది. రోస్విత లోపలికి వెళ్ళేదాకా గోడ దగ్గర ఆగి, అలవాటు చొప్పున కిటికీ వైపు రెండడుగులు వేసి, ఆగిపోయాను. తర్వాత దక్షిణం తలుపు దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి, లోపలికి అడుగు పెట్టాను. ఆ తలుపులోంచి వెళ్ళడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

వెనక బల్ల పక్కన, మేడ నీడలో నిలబడ్డాను. కిందనుంచి చూస్తే అది వేరే చర్చి. కప్పు ఎక్కడో ఉంది. తల ఎత్తితే మేడ అడుగుభాగం కనబడింది. నీలం రంగు వేసి, దానినిండా నక్షత్రాలు గీశారు. కొన్ని రాలిపోయాయి, కొన్నింటికి బంగారం రంగు ఇంకా అంటుకుని ఉంది. తాతలూ తండ్రులూ నేనూ, మా బూట్లు ఇన్నేళ్ళుగా వాటి మీదే ఆనించి కూర్చున్నాం. కింద అలా ఉందని మాతో ఏ ఆడదీ అనలేదు. అడిగితే చెప్పేవాళ్ళేమో.

పాస్టరమ్మ నన్ను చూసింది. నోరు తెరవబోయి, నేను తల అడ్డంగా ఊపితే ఊరుకుంది. కిందటేడు చదివిన పేరే మళ్ళీ చదివింది, ఆర్నో పేరు, ఎందుకో. కొవ్వొత్తి వెలిగించింది. పాట మొదలైంది.

రోస్విత మొదటి చరణం పాడింది. వెనకనుంచి రెండో బల్ల మీద ఒక్కతే, పక్కన చేతిసంచి పెట్టుకుని, వీపు నిటారుగా. చరణం అయింది. ఆగింది. మెడ కొద్దిగా వంచింది, పైనుంచి వచ్చేది వినడానికి.

నేను అందుకున్నాను.

ఆవిడ భుజాలు బిగుసుకున్నాయి. గొంతు నాదే, కానీ రావలసిన చోటినుంచి రాలేదు కదా. అయినా తిరగలేదు. నేను పాడుతూనే ఉన్నాను. అప్పుడు పైన కిర్రుమంది. ఏదో గీకింది. కాసేపటికి ఒక అక్రోటు తొక్క నేరుగా వచ్చి ఆవిడ తెరిచి పట్టుకున్న పుస్తకం మీద పడింది.

నేను వెనక, కింద, చరణం మధ్యలో ఉన్నాను. తొక్క పైనుంచి పడింది.

రోస్విత ఆ తొక్కని కాసేపు చూసింది. తర్వాత బల్ల అంచు పట్టుకుని, నెమ్మదిగా, ఒళ్ళంతా తిప్పి, తల ఎత్తి మేడ వైపు చూసింది. వరసగా చిలక్కొయ్యలు, ఒకదాని మీద టోపీ. మేడ అంచున ఉడుత, తోక నిలబెట్టి, ముందు కాళ్ళ మధ్య కాయ పట్టుకుని ఆవిడనే చూస్తోంది. చాలాసేపు చూసింది రోస్విత. తర్వాత ఆ చూపు కిందికి దిగి నా దగ్గర ఆగింది.

నా చరణంలో ఇంకా రెండు పాదాలున్నాయి. అవి కూడా పాడాను. ఆవిడ నోరు మూసుకుని చివరిదాకా విన్నది.

పాస్టరమ్మ కొవ్వొత్తి సర్దుతున్నట్టు అటు తిరిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది రోస్విత.

"ఈస్టర్ ముందు మెట్లు మూసేశారు. పురుగు పట్టింది."

"ఆ టోపీ?"

"ఆర్నోది."

ఆవిడ ఒళ్ళోని పుస్తకం మూసి, మళ్ళీ తెరిచింది. "అంటే ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే."

"కాదు" అన్నాను. "నేను బయట ఉన్నాను. ఉత్తరపు గోడ దగ్గర, పగిలిన కిటికీ కింద. ప్రతిసారీ. నువ్వు ఆగిన చోటల్లా విన్నాను."

"చాల్లే" అంది. "ఇంకో కోత."

నేను కాదనలేదు. ఎద్దులు రాళ్ళయ్యాయంటే ఫోటోలు తీసుకున్నారు. ఇది మాత్రం ఎవరూ నమ్మరు.

ఆవిడ ఇంకా అలాగే తిరిగి చూస్తోంది. ఆవిడ మొహం అంత దగ్గరగా ఎప్పుడు చూశానో గుర్తు లేదు. ఎడమ కనుబొమ్మలో చిన్న గాటుంది, నాకు తెలియనే తెలియదు. పొద్దుతిరుగుడు అందామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"అననా?" అన్నాను.

"అంటే కర్ర ఉంది."

ముందుకి తిరిగి కూర్చుంది. పక్కనున్న చేతిసంచి తీసి కింద పెట్టింది. నేను వెళ్ళి ఆ ఖాళీలో కూర్చున్నాను. బల్ల చాలా చల్లగా ఉంది. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కింద చిలక్కొయ్యలు లేవు, ఆడవాళ్ళకి అవసరం లేదు కదా. గోడ వైపు చూశాను, మోకాలి మీద పెట్టాను, జారింది. రోస్విత నా చేతిలోంచి లాక్కుని, తన ఒళ్ళో, అక్రోటు తొక్క పక్కన పెట్టుకుంది.

మిగిలింది ఆఖరి చరణం, అందరూ కలిసి పాడేది. పాస్టరమ్మ ఎత్తుకుంది. ముగ్గురం పాడాం. ముగ్గురి గొంతులూ కలిపినా చర్చిలో సగం కూడా నిండలేదు.

పైన ఏదో మళ్ళీ కిర్రుమంది. మేమిద్దరం తల ఎత్తలేదు.